ఎనిమిది వారాలైనా మానని కడుపు పుండు: గోదావరి డెల్టా నుంచి ఒక కేసు

నేపథ్యం

రోగి యాభై దాటిన మహిళ. డెల్టాలో కాలువ కింద ఊరు. సార్వాకీ దాళ్వాకీ ఊడ్పులకు వెళ్తుంది, మిగతా రోజుల్లో ఇంటిపని, రెండు గేదెలు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాం. మందులు, మోతాదులు, రిపోర్టుల్లోని సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం. కొన్నేళ్లుగా థైరాయిడ్ తక్కువ. లీవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములతో అదుపులో ఉండేది. మోకాళ్ల అరుగుదల ఉంది. షుగర్, గుండెజబ్బు లేవు, ఆస్పిరిన్ వాడట్లేదు. చుట్ట అలవాటు కూడా లేదు.

జులైలో ఊడ్పులు ముమ్మరంగా ఉన్నప్పుడు మోకాళ్ల నొప్పులకు ఊళ్లోనే మందులు వాడింది. ఆగస్టు మొదట్లో తారులా నల్లటి విరేచనాలయ్యాయి, కళ్లు తిరిగి పడిపోయింది. దగ్గర్లోని పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. హిమోగ్లోబిన్ 6.4. ఒక యూనిట్ రక్తం ఎక్కించి, మర్నాడు ఎండోస్కోపీ చేశారు. జీర్ణాశయం కింది భాగంలో, అంటే యాంట్రమ్‌లో, 1.4 సెంటీమీటర్ల పుండు. అడుగు శుభ్రంగా ఉంది, రక్తనాళం బయటపడలేదు. డ్యుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) మామూలుగా ఉంది. పుండు అంచు నుంచి తీసిన ముక్కల్లో క్యాన్సర్ కణాలు లేవు. పుండ్లకు కారణమయ్యే హెచ్. పైలోరీ అనే సూక్ష్మజీవి కోసం చేసిన ర్యాపిడ్ యూరియేజ్ పరీక్ష నెగెటివ్.

డిశ్చార్జ్ కాగితంలో ‘నొప్పి మాత్రల వల్ల వచ్చిన అల్సర్’ అని రాశారు. పాంటొప్రజోల్ 40, డోంపెరిడోన్ 30 కలిసిన క్యాప్సూల్ ఉదయం ఒకటి, పుండు మీద పూతలా పరుచుకునే సుక్రాల్‌ఫేట్ సిరప్ 10 మి.లీ. మూడు పూటలా, ఐరన్ మాత్ర రోజుకొకటి రాసి, నొప్పి మాత్రలు మానేయమన్నారు.

మా దగ్గరికి వచ్చేసరికి

అక్టోబరు మొదట్లో వచ్చింది. కడుపులో మంట తగ్గలేదు, బరువు ఐదు కిలోలు పడిపోయింది. మధ్యలో రెండుసార్లు మందులు మారాయి. ఒకచోట పాంటొప్రజోల్ తీసేసి ఎసొమెప్రజోల్ 40 రెండు పూటలా ఇచ్చారు. ఇంకోచోట టీఎస్‌హెచ్ 14.2 ఉందని (ఇది పెరిగితే థైరాయిడ్ చాలట్లేదని అర్థం) థైరాయిడ్ మాత్రను 75 నుంచి 100కి పెంచారు. హిమోగ్లోబిన్ 8.9 దగ్గర ఆగిపోయింది. మళ్లీ ఎండోస్కోపీ చేస్తే పుండు అక్కడే ఉంది. 1.4 కాస్తా 1.1 అయింది, అంతే.

జీర్ణాశయపు పుండ్లలో ఎక్కువ భాగం ఎనిమిది వారాల పీపీఐతో (పాంటొప్రజోల్, ఎసొమెప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మందులతో) మానిపోతాయి. మానకపోతే ఇంకా గట్టి మందు కావాలని అందరికీ తోస్తుంది. ఆమె కుటుంబం అడిగిందీ అదే. వోనోప్రజాన్ లాంటి కొత్తరకం మందులు ఉన్నాయి, తిండితో సంబంధం లేకుండా వేసుకోవచ్చు, ఆమ్లాన్ని బాగా అణుస్తాయి. కానీ ఈమె అప్పటికే రోజుకు 80 మి.గ్రా. ఎసొమెప్రజోల్ మీద ఉంది. అంత మోతాదుకూ పుండు లొంగలేదంటే, ఆమ్లం సంగతి పక్కనపెట్టి వేరేచోట వెతకాలి.

ముందు క్యాన్సర్

ఇది వాయిదా వేయకూడని ప్రశ్న. డ్యుయోడినమ్ పుండు అయితే బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) అక్కర్లేకపోవచ్చు. జీర్ణాశయపు పుండు మాత్రం మానేదాకా అనుమానించాల్సిందే. క్యాన్సర్ పుండు కూడా పీపీఐతో పైపైన పూడినట్టు కనిపిస్తుంది, మంట కూడా తగ్గుతుంది. అందుకే మొదటి బయాప్సీ నెగెటివ్ అని ఊరుకోలేదు. ఈసారి అంచు చుట్టూ ఎనిమిది ముక్కలు తీశాం. విడిగా ఇంకో సీసాలో యాంట్రమ్ నుంచి రెండు, పైన బాడీ భాగం నుంచి రెండు ముక్కలు పంపాం.

క్యాన్సర్ లేదు. రెండో సీసా రిపోర్టులో ‘క్రానిక్ యాక్టివ్ గ్యాస్ట్రైటిస్, సూక్ష్మజీవులు కనిపించలేదు’ అని ఉంది. చాలామంది రెండో సగం చదివి కాగితం మడిచేస్తారు. మాకు పనికొచ్చింది మొదటి సగం. ఆ సంగతి తర్వాత.

మందుల సంచి

నొప్పి మాత్రలు వాడుతున్నారా అని అడిగితే వచ్చిన జవాబు ఇది: “అబ్బే, బిళ్ళలు ఆస్పత్రిలో చెప్పిన రోజే మానేశానండి. మరీ నడవలేకపోతే సూదిమందు ఏయించుకుంటన్నానండి. అదైతే కడుపులోకి ఎల్లదు కదండీ.”

డెల్టాలో ఏ ఊళ్లో అడిగినా ఇదే నమ్మకం వినిపిస్తుంది. డైక్లోఫినాక్ మాత్ర కడుపులో పడి అక్కడ తగులుకుని పుండు చేస్తుందని, ఇంజెక్షన్ అయితే కండలోకి పోతుంది కాబట్టి భయం లేదని అనుకుంటారు. అసలు హాని జరిగేది రక్తం ద్వారా. ఈ మందులు కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో జీర్ణాశయం గోడకు రక్షణగా ఉండే ప్రోస్టాగ్లాండిన్లు తగ్గిపోతాయి. జిగురు పొర పలచబడుతుంది, ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ తగ్గుతుంది, గోడకు రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. నోట్లో వేసినా తొడలో పొడిచినా ఈ పని ఆగదు. ఆమె వారానికి ఒకటి రెండు ఇంజెక్షన్లు వేయించుకుంటోంది.

నోటిమాట మీద ఆధారపడకుండా, ఇంట్లో ఉన్న ప్రతి బిళ్ళా సీసా ఒక సంచిలో వేసి తెమ్మన్నాం. ఖాళీ స్ట్రిప్పులు కూడా. సంచిలో ఒక పొట్లంలో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్ ముక్కలున్నాయి. పేరున్న భాగం కోతలో పోయింది. వెనక మిగిలిన అక్షరాల్ని మందుల షాపులో పూర్తి స్ట్రిప్పుల పక్కన పెట్టి పోల్చి చూస్తే మూడు తేలాయి. ఒకటి ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ. దీన్ని ఆమె ‘జొరం బిళ్ళ’ అనుకుని ఒళ్లునొప్పులకు వేసుకుంటోంది. రెండోది రానిటిడిన్, ఆమ్లం తగ్గించే పాత మందు. మూడోది చిన్న తెల్ల బిళ్ళ, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్.

స్టెరాయిడ్ ఒక్కదాని వల్లే పుండు పడే ముప్పు పెద్దది కాదు. నొప్పి మాత్రతో కలిపి వాడినప్పుడు మాత్రం రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది, పుండు మానడమూ నెమ్మదిస్తుంది. దాన్ని ఆపే ముందు ఒకటి ఆలోచించాలి. వారాల తరబడి రోజూ వాడినవాళ్లలో ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథి అందుకోలేక బీపీ పడిపోవచ్చు. ఈమె ఊడ్పుల కాలంలోనే, అదీ రోజు విడిచి రోజు వేసుకుంది. ఉదయం ఎనిమిదికి తీసిన కార్టిసాల్ (ఆ గ్రంథి హార్మోను) మామూలుగా ఉంది కాబట్టి నేరుగా ఆపేశాం.

వేళలు

పీపీఐ ఎలా వేసుకుంటోందో గంటలవారీగా అడిగాం. టిఫిన్ అయ్యాక ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. రెండూ తప్పు వేళలే. పీపీఐలు రక్తంలో ఉండేది కొద్ది గంటలే, సగం మందు ఖాళీ అవడానికి గంట, రెండు గంటలు చాలు. అవి జీర్ణాశయం గోడలో ఆమ్లాన్ని విడిచే పంపుల్లో, పనిచేస్తున్నవాటికే అతుక్కుంటాయి. ఆ పంపులు ఎక్కువగా నడిచేది తిండి తిన్నప్పుడు. అందుకే తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటే, పంపులు మేల్కొనేసరికి మందు రక్తంలో సిద్ధంగా ఉంటుంది. తిన్నాక వేసుకుంటే మందు వచ్చేసరికి పంపుల పని సగం అయిపోయి ఉంటుంది. మోతాదు రెట్టింపు చేసినా ఈ నష్టం పూడదు.

సుక్రాల్‌ఫేట్ సంగతి ఇంకా పెద్ద చిక్కు. ఆమె తెల్లవారుజామున లేవగానే థైరాయిడ్ మాత్ర, దాని మీదే సిరప్ తాగేస్తోంది. సుక్రాల్‌ఫేట్‌లోని అల్యూమినియం లీవోథైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంట్లోకి చేరనివ్వదు. ఈ రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. టీఎస్‌హెచ్ 14 దాటడానికి కారణం ఇదే అయి ఉండాలి. థైరాయిడ్ ముదరలేదు, మాత్ర ఒంటికి అందలేదు. మోతాదు 100కి పెంచారు కాబట్టి, ఇప్పుడు సిరప్ ఆపితే ఆ మోతాదే ఎక్కువై గుండెదడ వచ్చే వీలుంది.

సిరప్ పూర్తిగా తీసేశాం. పూర్తి మోతాదు పీపీఐ ఇస్తున్నప్పుడు సుక్రాల్‌ఫేట్ కలిపితే పుండు త్వరగా మానుతుందనడానికి ఆధారం లేదు. పైగా చాలా సిరప్పుల్లో ఆక్సిటకేన్ అనే తిమ్మిరి మందు కలిపి ఉంటుంది. మంట తెలియనివ్వకుండా చేసి, పుండు మానిందన్న భ్రమ కల్పిస్తుంది. థైరాయిడ్ మాత్ర మళ్లీ 75కి తెచ్చాం. వికారానికిచ్చే డోంపెరిడోన్ అవసరమే లేదు, అదీ తీసేశాం.

తిండి విషయంలో ఒక మాట. ఆమె రెండు నెలలుగా బ్రెడ్డు, పాలు, ఇడ్లీ మీదే ఉంది. బరువు తగ్గడానికి అదే ప్రధాన కారణం. కారం, ఆవకాయ వల్ల పుండు పడదు. కొందరికి మంట పెరుగుతుంది, వాళ్లు తగ్గించుకుంటే చాలు. పాలు కాసేపు చల్లబరిచినా వాటిలోని కాల్షియం, ప్రోటీన్ మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి. అన్నం, పప్పు, చేపలు, గుడ్డు మామూలుగా తినమన్నాం.

నెగెటివ్ అన్న రిపోర్టు

ఇప్పుడు ‘యాక్టివ్ గ్యాస్ట్రైటిస్’ దగ్గరికి వద్దాం. యాక్టివ్ అంటే పొరలో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చొచ్చుకుని ఉన్నాయని. నొప్పి మాత్రలు మాత్రమే కారణమైతే పుండు చుట్టూ తప్ప మిగతా పొరలో ఇవి ఇంతగా ఉండవు. దూరంగా తీసిన బాడీ ముక్కల్లో కూడా ఉన్నాయంటే హెచ్. పైలోరీని గట్టిగా అనుమానించాలి. 1980ల్లో మార్షల్, వారెన్ ఈ సూక్ష్మజీవిని పుండ్లతో ముడిపెట్టి చూపించారు, 2005లో నోబెల్ వచ్చింది. అప్పట్నుంచీ అల్సర్ వైద్యమే మారిపోయింది. కానీ పరీక్ష ఎప్పుడు చేయాలన్న చోట ఇప్పటికీ పొరపాట్లు జరుగుతున్నాయి.

పీపీఐ మీద ఉన్నవాళ్లలో ఈ సూక్ష్మజీవి సంఖ్య తగ్గిపోతుంది, యాంట్రమ్ నుంచి పైభాగానికి జరుగుతుంది. యూరియేజ్ పరీక్ష, శ్వాస పరీక్ష, మలంలో సూక్ష్మజీవి ఆనవాళ్లు వెతికే యాంటిజెన్ పరీక్ష, మూడూ తప్పుగా నెగెటివ్ రావొచ్చు. రక్తస్రావం అవుతున్నప్పుడు యూరియేజ్ పరీక్ష మరీ నమ్మదగ్గది కాదు. ఆగస్టులో చేసిన పరీక్షకు ఈ రెండు ఇబ్బందులూ ఉన్నాయి. అంతకుముందు నుంచే ఆమె ‘గ్యాస్ బిళ్ళ’ పేరుతో పాంటొప్రజోల్ వాడుతోంది. ఆ నెగెటివ్‌ను ‘తెలియదు’ అనే చదవాలి. అలాంటి సందర్భంలో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే తర్వాత మళ్లీ చేయాలి.

రక్తంలో యాంటీబాడీ పరీక్షను పీపీఐ పాడుచేయదు. కానీ అది పాత ఇన్ఫెక్షన్‌కూ పాజిటివ్‌గానే ఉంటుంది. ఈమెకు కిందటేడాది పరీక్ష ఏదీ లేకుండానే ఒకచోట హెచ్. పైలోరీకి ఏడు రోజుల మందుల ‘కిట్’ ఇచ్చారు. కాబట్టి ఆ పరీక్ష ఇక్కడ తేల్చేదేం లేదు.

నమ్మదగ్గ పరీక్ష కావాలంటే ముందు పీపీఐ రెండు వారాలు ఆపాలి. మానని పుండు, ఈమధ్యే రక్తం పోయిన మనిషి, ఆపడం భయమే. పరీక్ష లేకుండా మందులు మొదలుపెడదామా అనీ ఆలోచించాం. రోజుకు పద్నాలుగు బిళ్ళలు, పద్నాలుగు రోజులు. జబ్బు ఉందని కాగితం మీద చూపకపోతే ఎవరూ చివరిదాకా వాడరు. రెండోసారి విఫలమైతే మిగిలే మందులూ తక్కువే. నొప్పి ఇంజెక్షన్లు ఆగాయి, పుండు అడుగు శుభ్రంగా ఉంది, హిమోగ్లోబిన్ పడిపోవట్లేదు. ఈ మూడూ చూసుకుని ఆపాం. మధ్యలో ఆమ్లాన్ని వేరే దారిలో తగ్గించే ఫామొటిడిన్ 20 మి.గ్రా. రెండు పూటలా ఇచ్చి, పరీక్షకు రెండు రోజుల ముందు అదీ ఆపించాం. సంచిలో ఉన్న రానిటిడిన్‌నే వాడొచ్చు కదా అని అడిగారు. ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే వీలున్న మలినం భయంతో దాన్ని 2022లో జాతీయ అత్యవసర మందుల జాబితా నుంచి తీసేశారు. ఫామొటిడిన్ ఉండగా దాని అవసరం లేదు.

మలంలో యాంటిజెన్ పాజిటివ్ వచ్చింది.

ఏ మందులు, ఎందుకు

మందుల షాపుల్లో తేలిగ్గా దొరికేది పీపీఐ, క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ కిట్. కిందటేడాది అదే వాడింది. ఒకసారి విఫలమైన క్లారిత్రోమైసిన్‌ను మళ్లీ వాడకూడదు. పైగా దగ్గు వచ్చినప్పుడల్లా అజిత్రోమైసిన్ వాడిన మనిషి. ఈ రెండూ ఒకే రకం మందులు, వాటికి సూక్ష్మజీవిలో నిరోధం కలిసే వస్తుంది. లీవోఫ్లాక్సాసిన్‌తో చేద్దామంటే, విరేచనాలకు అదే రకం ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్ళ ఏడాదికి రెండు మూడుసార్లు వాడినట్టు సంచే చెబుతోంది. మిగిలింది బిస్మత్ నాలుగు మందుల చికిత్స. ఆర్నిడజోల్ వాడింది కదా, అదే రకం మెట్రోనిడజోల్ పనిచేస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. కానీ బిస్మత్ తోడుండి, మోతాదు నిండుగా ఉండి, పద్నాలుగు రోజులు ఇస్తే ఆ నిరోధాన్ని చాలావరకు దాటొచ్చు.

ఎసొమెప్రజోల్ 40 రెండు పూటలా, బిస్మత్ సబ్‌సిట్రేట్ 120 నాలుగుసార్లు, టెట్రాసైక్లిన్ 500 నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ 400 నాలుగుసార్లు. టెట్రాసైక్లిన్ 500 ఊళ్లో షాపుల్లో దొరకలేదు. బదులు డాక్సీసైక్లిన్ ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు, ఈ చికిత్సలో డాక్సీసైక్లిన్ ఫలితాలు తక్కువ. హోల్‌సేల్ నుంచి 56 క్యాప్సూల్స్ మొత్తం చేతికొచ్చాకే మొదలుపెట్టాం. మధ్యలో సరుకు అయిపోతే చికిత్స అక్కడే పాడవుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. చేలో పని ఉంటే మధ్యాహ్నం మోతాదు ఎగిరిపోతుంది. టెట్రాసైక్లిన్‌తో ఎండకు చర్మం కమిలే ఇబ్బంది కూడా ఉంది. నవంబరులో సార్వా కోతలు ఊపందుకోకముందు ఖాళీ చూసి మొదలుపెట్టాం.

అసలు చిక్కు పాలతో వచ్చింది. పాలు, పెరుగు, ఐరన్, యాంటాసిడ్ ఏది తగిలినా టెట్రాసైక్లిన్ ఒంటికి పట్టదు. ఇక్కడ పెరుగన్నం లేకుండా భోజనం ముగియదు, పాల టీ లేకుండా సాయంత్రం గడవదు. అందుకని కాగితం మీద రోజంతా రాసిచ్చాం. ఉదయం 5కి థైరాయిడ్ మాత్ర. 6కి టీ. 7:15కి పీపీఐ. 8కి టిఫిన్ తిని మూడు బిళ్ళలు. 1కి అన్నం, చివర్లో పెరుగు బదులు చారు, ఆపైన మూడు బిళ్ళలు. 3కి టీ, అటూ ఇటూ రెండు గంటల ఎడం ఉండేలా. 5కి ఒక అరటిపండు, మూడు బిళ్ళలు. 7:45కి పీపీఐ. 8:30కి అన్నం, మూడు బిళ్ళలు. ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్లు, వేసుకున్నాక అరగంట పడుకోకూడదు. టెట్రాసైక్లిన్ అన్నవాహికలో చిక్కుకుంటే అక్కడ కొత్త పుండు చేస్తుంది. ఐరన్ మాత్ర తీసేసి, ఐరన్‌ను సిర ద్వారా ఇచ్చాం. పీపీఐ మీద మాత్ర ఎలాగూ సరిగా ఒంటికి పట్టదు.

ముందే చెప్పకపోతే మందులు ఆపేయించే లక్షణం ఒకటుంది. బిస్మత్‌తో నాలుక, విరేచనం నల్లబడతాయి. ఒకసారి నల్లటి విరేచనంతో ఆసుపత్రి పాలైన కుటుంబం అది చూస్తే హడలిపోతుంది. బిస్మత్ నలుపు మామూలు విరేచనంలాగే గట్టిగా ఉంటుంది, వాసనలో తేడా ఉండదు. రక్తం నలుపు తారులా జిగటగా, మెరుస్తూ, భరించలేని వాసనతో ఉంటుంది. దానితోపాటు నీరసం, గుండెదడ, నిలబడితే కళ్లు తిరగడం ఉంటాయి. ఈ తేడాను ఆమెకూ, కోడలికీ, ఊళ్లో ఆశా కార్యకర్తకూ విడివిడిగా చెప్పాం. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఈ ప్రశ్నలే వేస్తే బిస్మత్ నలుపేనని తేలింది. అయినా ఆ రోజే హిమోగ్లోబిన్ చూపించాం, తగ్గలేదు. నోట్లో ఇనుపరుచి, వికారం చివరిదాకా ఉన్నాయి. మోతాదు ఒక్కటీ మానలేదు.

తర్వాత

యాంటీబయాటిక్స్ అయ్యాక పీపీఐ రోజుకొకటి చొప్పున ఆరు వారాలు కొనసాగించాం. సూక్ష్మజీవి పోయిందో లేదో చూడాలంటే పీపీఐ ఆపాలి, ఆపాలంటే పుండు మానిందని ముందు తెలియాలి. అందుకే మొదట ఎండోస్కోపీ. జనవరి మొదట్లో పుండు చోట గులాబీరంగు మచ్చ మాత్రమే ఉంది. మచ్చ నుంచి తీసిన ముక్కలూ బాగున్నాయి. ఆ తర్వాత రెండు వారాలు పీపీఐ ఆపి మళ్లీ యాంటిజెన్ పరీక్ష చేస్తే నెగెటివ్. ఈసారి ఆ నెగెటివ్‌ను నమ్మొచ్చు. హిమోగ్లోబిన్ 11.8. టీఎస్‌హెచ్ 75 మైక్రోగ్రాముల మీదే 2.9.

పీపీఐ తిరిగి మొదలుపెట్టలేదు. నెలల తరబడి వాడి ఆపినప్పుడు కొన్నాళ్లు ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది, ఆ మంట చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. అలాంటప్పుడు యాంటాసిడ్ రెండు చెంచాలు చాలన్నాం.

మోకాళ్లకు దారి చూపకపోతే ఇదంతా ఒక్క ఊడ్పుల సీజనుతో తుడిచిపెట్టుకుపోతుంది. పారాసిటమాల్ 650 రోజుకు మూడు మించకుండా, డైక్లోఫినాక్ జెల్ పైపూతగా (చర్మం నుంచి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ), తొడ కండరాల వ్యాయామం, గొంతుక్కూర్చునే పనులకు ఎత్తుపీట. అప్పటికీ నొప్పి ఆగకపోతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఆలోచిస్తాం. ఇక తప్పనిసరైతే కడుపుకు హాని తక్కువుండే నొప్పి మందు సెలికాక్సిబ్, అదీ పీపీఐ తోడుగా, రోజులు లెక్కపెట్టి.

దాళ్వా ఊడ్పులకు ముందు ఆమె చేతికి ఒక కార్డు ఇచ్చాం, దాని నకలు ఊళ్లో సూదిమందు వేసే ఆర్‌ఎంపీకీ, మందుల షాపుకీ పంపాం. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, పిరాక్సికామ్, కెటొరోలాక్, నిమెసులైడ్, డెక్సామెథసోన్: బిళ్ళగా గానీ ఇంజెక్షన్‌గా గానీ ఇవ్వొద్దని తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఆర్‌ఎంపీ ఫోన్ చేసి, జ్వరంలో ఒళ్లునొప్పులకు ఏమివ్వాలని అడిగాడు. పారాసిటమాల్ ఒక్కటే అని చెప్పి, ఆ మాట కూడా కార్డు మీద రాయించాం.